అజవిలాపమున ప్రకృతిశబ్దము

మృతి సంభవించిన యింటికి పరామర్శకై పోయిన పండితులు చెప్పు శ్లోకములలో రఘువంశమునందలి యొకటి మిక్కిలి వాడుకలో నున్నది. శరీరధారులకు మరణమే ప్రకృతి యనియు, జీవితము దాని వికృతి యనియు, క్షణకాలము ఊపిరితో నిలిచినను ప్రాణి కది లాభమే యనియు దాని తాత్పర్యము. చదువువారు ధీరస్వరమున జదువుదురు. వినువారు తలవంచి విందురు. కాని యీ మాటను మొట్టమొదట విన్నవాడు అజమహారాజు. ఆయనకు దానివలన నూరట కలుగలేదు. ఈ సంగతిని మఱియొకరు కాదు, కాళిదాసే నాలుగు శ్లోకముల తరువాత స్పష్టముగా జెప్పియున్నాడు. ఓదార్పుగా బనిచేయలేదని కవి చూపిన మాటనే లోకము ఓదార్పునకు వాడుకొనుచున్నది. శ్లోకమును సర్గమునుండి వేఱుచేసి కంఠస్థము చేయుటవలన గలిగిన ఫలమిది. దానిని మరల సర్గమున యథాస్థానమున నుంచి చదివినచో దోచు నర్థము వేఱుగా నున్నది.

సర్గకథ సంగ్రహముగా నిది. రఘువు కుమారునకు రాజ్యమిచ్చి, అతని కన్నీటి ప్రార్థనమును త్రోయజాలక అడవికి బోవుట మాని, పురమునకు వెలుపల యతియై నివసించెను. అజుడు ప్రజలను బాలించెను. కొన్ని యేండ్లకు రఘువు యోగసమాధిచే దేహము విడిచెను. అజునకు ఇందుమతియందు దశరథుడు జన్మించెను. ఒకనాడు రాజదంపతులు నగరోద్యానమున విహరించుచుండగా, దక్షిణసముద్రతీరమునందలి గోకర్ణమున శివు నర్చింప ఆకాశమార్గమున బోవుచున్న నారదుని వీణాగ్రమునుండి దివ్యకుసుమమాల గాలికి జాఱి ఇందుమతి వక్షమున బడెను. ఆమె కన్నులు మూసెను. మరల దెఱవలేదు. అజుడు విలపించెను, అంత్యక్రియలు చేసెను. యజ్ఞదీక్షలో నున్న వసిష్ఠుడు శిష్యునిచే సందేశ మంపెను. అజుడు మఱి యెనిమిదేండ్లు జీవించి, కుమారునకు రాజ్యభారమిచ్చి, గంగాసరయూసంగమమున దేహము విడిచెను.

ఈ సర్గమును వ్యాఖ్యానించువారు సామాన్యముగా దీనిని రెండు పాళ్లు చేయుదురు. విలాపము మోహము, సందేశము జ్ఞానము; మొదటిది పూర్వపక్షము, రెండవది సిద్ధాంతము. ఇట్లు విభజించినంతనే అజునిపై నొక దోషము పడును. గురువు సిద్ధాంతము చెప్పినను గ్రహింపజాలని బలహీనుడు, రాజధర్మమును భార్యాశోకమునకు బలియిచ్చినవాడు అని కొందఱు. కాదు, అతడు ప్రేమికులలో ధన్యుడు, ధర్మముకంటె ప్రేమ గొప్పదని కవి హృదయ మని మఱికొందఱు. ఇరువాదములవారును ధర్మము నొకవైపునను ప్రేమను మఱియొకవైపునను నిలిపి తూచుచున్నారు. ప్రకృతియన్ననో ఇద్దఱకును తోటలోని చెట్లే. వర్ణనకు బనికివచ్చు సామగ్రి. కవి వాడిన పదములను పట్టి చూచినచో ఈ తూనికయే యతనికి సమ్మతము కాదని తెలియుచున్నది.

నేటి తెలుగున ప్రకృతి యన్న మాట వినబడగానే కొండలు, వాగులు, పూలతీగెలు తలపునకు వచ్చును. ప్రకృతికవిత్వ మను వ్యవహార మేర్పడిన పిదప ఈ యర్థసంకోచము మఱింత స్థిరపడినది. కాళిదాసు కాలమున నా శబ్దమునకు ఇంత యిఱుకు లేదు. ప్ర యను ఉపసర్గము ముందుగల కృ ధాతువునకు క్తిన్ ప్రత్యయము చేరగా నిష్పన్నమైన యీ స్త్రీలింగశబ్దము స్వభావమును జెప్పును. సాంఖ్యుల మూలద్రవ్యమును జెప్పును. అమరసింహుడు పరిగణించినట్లు రాజ్యాంగములను, పౌరశ్రేణులను గూడ జెప్పును. వైయాకరణులకు ప్రత్యయము దేనికి జేరునో అది ప్రకృతి. ఈ కడపటి యర్థము కవికి బరిచితమే. పదునొకండవ సర్గమున వధూవరుల కలయికను ప్రకృతిప్రత్యయముల కలయికతో నతడు పోల్చియున్నాడు. కావున నీ శబ్దమును గాళిదాసు ఏమఱుపాటున వాడెనని యెవ్వరును చెప్పజాలరు.

ఎనిమిదవ సర్గమున ఈ శబ్ద మెక్కడెక్కడ వచ్చినదో చూడవలెను. మల్లినాథుని పాఠమున, సర్గారంభముననే, రాజునకు నేనే యిష్టుడనని ప్రకృతులలో బ్రతివాడును దలచెనని కలదు. కుమారుడు ప్రకృతులయందు నాటుకొనుట చూచి రఘువు విరక్తుడయ్యెనని పదియవ శ్లోకము. పదునెనిమిదవ శ్లోకమున, యువకుడైన రాజు ప్రకృతులను జూచుటకు న్యాయాసన మెక్కగా, వృద్ధుడైన తండ్రి మనస్సును నిలుపుటకు దర్భాసన మెక్కెను. ఈ మూడుచోట్లను ప్రకృతి యనగా ప్రజలు. ఇరువదియొకటవ శ్లోకమున అర్థము మాఱినది. అజుడు సంధివిగ్రహాది షడ్గుణములను ప్రయోగింపగా, రఘువు ప్రకృతియందున్న గుణత్రయమును జయించెను. ఇచట ప్రకృతి సాంఖ్యుల ప్రధానము, జగత్తునకు మూలము. తరువాత నెనుబదియేడవ శ్లోకమున వసిష్ఠుని నోట నదే శబ్దము మరణమునకు విశేషణమై నిలిచినది. రాజు ఎవరికి గట్టుబడియున్నాడో వారు ప్రకృతి. జగత్తు దేనినుండి పుట్టినదో అది ప్రకృతి. ప్రాణి కడకు దేనియందు బడునో అదియు బ్రకృతియే. ధర్మము, లోకము, మృత్యువు అను మూడును ఒక్క ప్రాతిపదికమున నిమిడియున్నవి. వీనిని మూడు తక్కెడలలో వేసి తూచుట కవి యిచ్చిన పదమునే చీల్చుట.

తండ్రికొడుకుల జీవితములను జంటజంటగా బోల్చు ఆ శ్లోకముల సొగసు పాఠశాలలలో జదివినవారందఱకు దెలిసినదే. కాని వానివలన సర్గము తరువాతి భాగమున కేర్పడిన ఉపకారమును తక్కువగా గమనింతురు. రఘువు రెండు ప్రకృతులను గూడ విడిచినాడు. ప్రజలను కుమారున కప్పగించెను; గుణత్రయమును దాటెను. అతని మరణమున ఏడ్పు సైతము శాస్త్రాతీతముగా గనబడును. తండ్రి పోయెనని విని అజుడు కన్నీరు విడిచి, యతులతోడ గూడి, అగ్నిలేని యంత్యక్రియను నిర్వర్తించెను. ఆ త్రోవన బోయినవారికి కుమారుని పిండములతో బనిలేదని యెఱిగియు, పితృభక్తిచేత నూర్ధ్వక్రియలు కూడ జేసెను. విధికి మించి చేయు స్వభావ మజునిది. అక్కఱలేని చోట గూడ ఋణము తీర్చుకొనువాడు. ఇది గుర్తుంచుకొన్నచో విలాపమునందలి యనేకశ్లోకములు తేటపడును.

ధర్మమును జెప్పుటకు గవి యీ సర్గమున నొక ధాతువును నియమముగా బట్టినాడు. అవ యను ఉపసర్గముతో గూడిన ఈక్ష ధాతువది. క్రిందికి జూచుట, శ్రద్ధతో గనిపెట్టుట, పర్యవేక్షించుట దాని యర్థము. న్యాయాసన మెక్కిన యజుడు ప్రకృతులను అవేక్షించుటకు గూర్చుండెను. అది తుమున్నంతము, చేయదలచిన పని. ఉద్యానమునకు బోవునప్పుడు అతడు అవేక్షితప్రజుడు. అది క్తప్రత్యయాంతముతోడి బహువ్రీహి, చేసి ముగించిన పని. వసిష్ఠుడు సందేశమున భూమి నీచేత అవేక్షింపబడుగాక అనును. అది కర్మణి లోట్టు, చేయుమని విధి. మొదటిది సంకల్పము, రెండవది నిర్వాహము, మూడవది ఆజ్ఞ. ఉద్యానమున కడుగుపెట్టునాటికే అజుడు తన పనిని ముగించి వచ్చినాడని చెప్పుటకే గదా యా విశేషణము! రాజకార్యము నుపేక్షించి స్త్రీతో విహరించుచుండగా దైవము శిక్షించినదను నూహకు గవి తావీయలేదు. ఆ శ్లోకముననే ప్రజాశబ్దము రెండుమార్లు, రెండర్థములలో, రెండు రూపములలో వచ్చినది. సుప్రజుడు, అనగా మంచి సంతానము గలవాడు, అన్నచోట సు పూర్వమందున్నందున సమాసాంతమగు అసిచ్ ప్రత్యయము వచ్చి సకారాంతరూప మేర్పడినది. అవేక్షితప్రజ యన్నచోట నా నియమము వర్తింపదు. బిడ్డలును పాలితులును ఒకే శబ్దమునకు జెందినవారు. రూపమున మాత్రము వేఱు. అజుడు కడకు బిడ్డ పసివాడన్న కారణముచేతనే బ్రతికియుండుటయు, బిడ్డను ప్రజలకు రక్షకునిగా నిలిపిన పిదపనే పోవుటయు నీ శ్లోకముననే విత్తనములుగా నున్నవి.

ఉద్యానము మాట. విలాపమునందలి చెట్లను తీగెలను ఉద్దీపనవిభావములని చెప్పి దాటిపోవుట అలంకారశాస్త్రము చదివినవారికి సులభము. అట్లు దాటిపోవుటవలన నష్టమే కలదు. అజుడు చెట్లను జూచి యందమును దలపలేదు. వానికి ఇందుమతి బాకీపడిన పనులను దలచినాడు. మామిడికిని ప్రియంగులతకును పెండ్లి చేయదలచితివే, ఆ వివాహము జరుపకుండ బోవుట తగదే అని యొక మాట. నీవు పాదతాడనముతో దోహదమిచ్చిన యశోకము రేపు పూచును. నీ ముంగురులలో దాల్పవలసిన యా పువ్వును నీకు తర్పణమాలగా నెట్లు చేయుదును అని యొక మాట. నీ నిట్టూర్పులను పోలిన పొగడపూలతో మనమిద్దఱము సగము గ్రుచ్చిన మొలనూలు ముగింపక నిద్రించితివేమి అని యొక మాట. పెండ్లి, దోహదము, మొలనూలు అను నీ మూడును తలపెట్టి ముగియని పనులు. తెలుగునాట గ్రామములలో రావిచెట్టునకును వేపచెట్టునకును పెండ్లి చేయు నాచారమును, కార్తికమున తులసికి జేయు వివాహమును ఎఱిగినవారికి మామిడిపెండ్లి కవిసమయముగా దోపదు. ముహూర్తము పెట్టుకొని తప్పిపోయిన శుభకార్యముగా దోచును. ఇందుమతిని గృహిణిగా, సచివురాలిగా, సఖిగా, లలితకళలలో బ్రియశిష్యురాలిగా నజుడు పిలిచిన ప్రసిద్ధశ్లోకము ఈ పనుల పట్టికకు దరువాతనే వచ్చుట గమనింపదగినది. తోట ఆమె యింటిలోని భాగము. అక్కడి చెట్లు ఆమె ప్రకృతులు. రాజు ప్రజలను అవేక్షించినట్లే ఆమె వానిని అవేక్షించినది.

ఇందుకు వెనువెంటనే ఫలము కనబడుచున్నది. అజుని యేడ్పునకు చెట్లు సైతము కొమ్మల రసమును గన్నీరుగా గార్చినవని కవి యనును. ఆ చెట్లను చెప్పుటకు బహుశబ్దములున్నను భూమియందు మొలచినవను నర్థముగల సమాసమునే యతడు వాడెను. ఏ భూమిని అవేక్షింపుమని వసిష్ఠుడు చెప్పబోవుచున్నాడో ఆ భూమి బిడ్డలే రాజుతో గూడ నేడ్చుచున్నారు. ఇందుమతికి పదిదినముల పిమ్మట జరుపవలసిన క్రియలను అజుడు పురోద్యానముననే ముగించెను. విహరించిన తోట, మృతి పొందిన తోట, క్రియలు జరిగిన తోట మూడును నొకటే. ఇచ్చట జెట్లు అలంకారములని యెట్లనవచ్చును?

పూలదండ తగిలి మనిషి చచ్చుట అసంభవమని ఆక్షేపించువారు కలరు. దానికి సమాధానము సర్గముననే కలదు. తృణబిందుమహర్షి తపస్సునకు వెఱచి ఇంద్రుడు పంపిన హరిణి యను అప్సరస శాపవశమున మానుషియై జన్మించినది. దివ్యకుసుమదర్శనము శాపమున కవధి. కాని యీ సమాధానము ఎప్పుడు చెప్పబడినదను ప్రశ్న ముఖ్యము. విలాపము ముగిసి, క్రియలు ముగిసి, రాజు పురము చేరిన తరువాత శిష్యుని నోట జెప్పబడినది. అంతవఱకు అజునకు దెలియదు, పాఠకునకును దెలియదు. తెలియకయే అతడు తర్కించినాడు. పువ్వులు సైతము ప్రాణము తీయగలిగినచో విధికి ఆయుధము కానిదేది? లేక మెత్తనిదానిని మెత్తనిదానితోనే చంపుట యముని పద్ధతియా? మంచు తామరను చంపుట చూచితిమి గదా. ఈ దండ ప్రాణహరమైనచో నా యెదపై నుంచుకొన్నను నన్నేల చంపదు? ఇవి పిచ్చివాని మాటలు కావు. కారణ మెఱుగనివాడు హేతువును వెదకు మాటలు. ఒక్కొక్క యూహను బెట్టి తానే త్రోసివేయుచున్నాడు. లోకమున ప్రతిమరణమును చూచినవారు చేయు పని యిదియే. కారణము వేఱొకచోట నున్నది, తెలియునప్పటికి దానితో బనియుండదు. కవి శాపకథను ముందే చెప్పియున్నచో అజుని విలాపము మనకు అజ్ఞానముగా దోచి కరుణరసము సగము చెడియుండెడిది. సర్గనిర్మాణమున కాళిదాసు చూపిన వివేకములలో నిది మేలైనది.

వసిష్ఠుని సందేశమున ప్రధానమైన వాదము, రాజులకు భూమియే భార్య యనునది. ఇది గంభీరమైన మాట. అయితే అజుడు దీనికి సందేశము రాకమునుపే ఉత్తర మిచ్చియున్నాడు. విలాపమున నతడు ఇందుమతితో, నేను భూమికి శబ్దమాత్రమున బతిని, హృదయమునుండి పుట్టిన ప్రీతి నీయందే కలదు అనును. శబ్దపతి యను నీ సమాసమును వైయాకరణుడు తేలికగా విడువజాలడు. క్షితిపతి, భూపతి, మహీపతి యను పదములలో పతిశబ్దమునకు పాలకుడని యర్థము. భర్త యను నర్థము శ్లేషచే లాగబడినది. అజుడు ఆ శ్లేషను విప్పివేసెను. శబ్దమున నేనామె పతిని, అర్థమున గాను అనెను. వసిష్ఠుడు తెలియక ఆ శ్లేషనే మరల గట్టి, దానిపై నుపదేశమును నిలిపెను. ఒకడు విడదీసి చూచిన సమాసమును మఱియొకడు వానికే ప్రమాణముగా జూపినచో నమ్మకము కుదురునా? గురువు మాట యబద్ధము కాదు. కాని అది యజుడు దాటివచ్చిన మెట్టు.

మఱియొక సంగతి. భార్యతోడ చితి నెక్కుటకు సిద్ధమైన మనస్సు అజునకు గలదు. ఎక్కలేదు. రాజై యుండి దుఃఖముతో స్త్రీని వెంబడించి చచ్చెనను లోకనిందను చూచి మానుకొనెను గాని జీవితాశచేత గాదని కవి నిష్కర్షగా జెప్పినాడు. ఈ శ్లోకము సందేశమునకు ముందున్నది. అనగా చావవలదని వసిష్ఠుడు చెప్పునప్పటికే అజుడు చావకుండ నిలిచియున్నాడు. ధర్మమును దెలియనివానికి ధర్మము చెప్పబడలేదు. దానిని అప్పటికే పాటించుచున్నవానికి జెప్పబడినది. అట్టివానికి గావలసినది విధి కాదు.

ఇక జీవితము వికృతి యను మాట. దీనిని విన్నవారు చాలమంది జీవితము రోగము, వికారము, మరణమే స్వస్థత యని గ్రహించి నిట్టూర్తురు. తెలుగుబిడ్డలు తొలితరగతులలోనే ప్రకృతివికృతులను నేర్తురు. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. అగ్గి యన్నది చెడిపోయిన యగ్ని కాదు; పొయ్యిలో రగిలించుకొని యింటివారందఱు వాడుకొను నగ్ని. పాణినీయమున వికృతియనగా ప్రకృతినుండి యొక ప్రయోజనమునకై చేయబడిన వస్తువు; యూపమునకై కొయ్య, కుండలమునకై బంగారము. మహాభాష్యకారుడు బంగారము ముద్దయై, ఆభరణమై, మరల కరగి వేఱొక యాభరణమగుటను జూపి ద్రవ్యము నిలుచును, ఆకారము మాఱును అని చెప్పిన చోటు ప్రసిద్ధమే. కుండలమును వికృతి యన్నంతమాత్రమున నది నిందితము కాదు, ధరింపదగినది యదియే. మరణము ముద్దబంగారము, జీవితము కొంతకాలము చెవిని వ్రేలాడిన కుండలము. శ్లోకోత్తరార్ధము క్షణమాత్రశ్వాసను లాభమనుట ఇందువలననే పొసగుచున్నది. వికారమాత్రమైనదానిని లాభమని యెవ్వరనుదురు? కావున నీ శ్లోకమును వైరాగ్యమునకు మాత్రమే వినియోగించుట పూర్వార్ధమును జదివి యుత్తరార్ధమును మఱచుట. కరగిన కుండలమునకై దుఃఖించువాడు బంగారమెఱుగనివాడని చెప్పుటకు వీలులేదు. అతడు చెవినెఱిగినవాడు.

మెతుకుసీమలోని కొలిచెలమ గ్రామమువా డగు మల్లినాథసూరి ఈ కావ్యమునకు సంజీవని యను వ్యాఖ్య రచించెను. దుర్వ్యాఖ్యలను విషముచే మూర్ఛిల్లిన కాళిదాసవాణిని బ్రతికించునది గావున దానికా పేరు. పదవిభాగమునకు, అన్వయమునకు, వ్యాకరణసాధుత్వమునకు నతని నాశ్రయింపక యెవ్వరును ఈ సర్గమున నడుగు వేయజాలరు. అయితే ప్రతిశ్లోకమును దానంతట దానినే వివరించు వ్యాఖ్యానపద్ధతిలో ఒక శ్లోకము మఱియొక శ్లోకమునకు బదులు చెప్పుట మఱుగుపడును. విలాపారంభమున కవి, కాగిన యినుము సైతము మెత్తబడును, శరీరధారులమాట చెప్పనేల అనును. అది నలుబదిమూడవ శ్లోకము. ఎనుబదియేడవ శ్లోకమున వసిష్ఠుడు శరీరధారులకు మరణమే ప్రకృతి యనును. రెంటను శబ్ద మొక్కటే, శరీరి. కవి శరీరికి మెత్తదనమును చెప్పగా, ఋషి శరీరికి మరణమును జెప్పెను. రెండును సత్యములే. ఋషి తాను చెప్పిన సత్యముతో కవి చెప్పిన సత్యమును గప్పివేయ జూచెను; అది కప్పబడలేదు.

అజుడు సరేనని గురువాక్యమును స్వీకరించి మునిని సాగనంపెను. దుఃఖముచే దట్టమైన హృదయమున జోటు దొరకక ఆ వాక్యము తిరిగి గురువునొద్దకే పోయెనో యన్నట్లుండె నని కవి యనును. సర్గమంతయు వియోగినీవృత్తమున నడచివచ్చి సరిగా నీ శ్లోకమున తోటకముగా మాఱినది. కుమారసంభవమున రతివిలాపమునకును కవి వియోగినినే గ్రహించినాడు. ఇచట విలాపమును ఉపదేశమును గూడ నా వృత్తముననే యున్నవి. ఉపదేశమునకు వేఱు గొంతుక లేదన్నమాట. వృత్తము మాఱినది వాక్యము తిరిగిపోయిన చోటనే.

ఈ భాగమున లభ ధాతువు వచ్చిన చోటులను వరుసగా జూచినచో కవి భావము చేత జిక్కును. వెంట జచ్చినను ఆమె లభింపదు అని వసిష్ఠుడు. క్షణము శ్వాసించినను లాభమే యని వసిష్ఠుడు. ఆ వాక్యము పదమును లభింపనిదై తిరిగిపోయెనని కవి. వైద్యులకు లొంగక ప్రాణము దీయు రోగమును, ప్రియురాలి వెంట త్వరగా బోవుటకు లాభముగా అజుడు తలచెనని కవి. గురువు ఊపిరిని లాభమనగా శిష్యుడు ఊపిరి నాపుదానిని లాభమనెను. ఇది గురుధిక్కారము కాదు. ఒకే మాటకు ఇద్దఱును దమతమ లెక్కలు చెప్పినారు. కవి రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి యూరకున్నాడు.

గాలి వీచునప్పుడు చెట్టును కదలి కొండయు గదలినచో రెంటికిని భేద మేమి యని వసిష్ఠుడు సందేశమును ముగించెను. దీనికి సమాధానము మూడు శ్లోకముల తరువాతి యుపమలో నున్నది. శోకశల్యము అజుని హృదయమును, జువ్వి మొలక మేడ కట్టడమును జీల్చినట్లు, బలాత్కారముగా జీల్చెను. పాతబడిన దేవాలయశిఖరముల సందులలో మొలచు జువ్విని, రావిని చూచినవారికి ఈ యుపమను విప్పి చెప్పనక్కఱలేదు. పక్షి విడిచిన గింజ యొకటి, సున్నపు నెఱ్ఱియలో దాని వేరు, పైకి రెండాకులు. గోడ గాలికి గదలదు, వానకు గదలదు. ఏండ్లు గడచిన పిదప నొకనాడు రెండుగా విచ్చును. గురువు అజునిముందు రెండే మార్గము లుంచెను, చెట్టుగా నుండుటయో కొండగా నుండుటయో. అజుడు చెట్టు కాలేదు. ఎనిమిదేండ్లు గాలికి గదలక నిలిచెను. కొండయు గాలేదు, లోపల వేరు పాఱుచునే యుండెను. కవి యతనిని మనుష్యులు వసించుటకై కట్టిన యిల్లుగా జూపెను. విలాపమున నజుడు, పిడుగు చెట్టును విడిచి దాని నల్లుకొన్న తీగెను గూల్చెనని యేడ్చియుండెను. విడువబడిన యా చెట్టే యిప్పుడు మొలకయై మేడను జీల్చుచున్నదా యన్నట్లున్నది.

ఆ యెనిమిదేండ్ల నతడు గడపిన విధమును గవి రెండు మాటలలో ముగించెను. కుమారుడు బాలుడగుటచేత, ప్రియురాలి పోలికలను చిత్తరువులను జూచుచు, స్వప్నములలో క్షణికసమాగమములు పొందుచు. సత్యమును బ్రియమును బలుకువాడను విశేషణము సైతము అచట నున్నది. దుఃఖము వాక్కును జెఱుపలేదనుట. అజుడు ధర్మభ్రష్టుడని యాక్షేపించువారు ఈ శ్లోకమును మఱియొకసారి చదువుట మంచిది. ఊరట కలిగినవాడు ధర్మమును నడుపుట సామాన్యము. ఊరట లేకయే యెనిమిదేండ్లు నడపినవాని ధర్మమునకు ఉపదేశము మూలము కాదు, శిశువు మూలము. సుప్రజుడన్న విశేషణము ఇచట ఫలించినది.

దశరథుని రాజ్యమున నిలుపునప్పుడు కవి వాడిన పదము వర్మహరుడు. కవచమును మోయువాడని పదార్థము. అప్పుడు మోయుచున్నాడని గాక, మోయదగిన వయస్సు వచ్చినవాడని దెలుపుటకే హృ ధాతువునకు వయస్సు తోచుచోట అచ్ ప్రత్యయమును పాణిని ప్రత్యేకముగా విధించినాడు. వ్యాఖ్యాతయు నిచట నా సూత్రమునే చూపెను. ఎనిమిదేండ్ల నిరీక్షణము దేనికో ఆ యొక్క ప్రత్యయము చెప్పుచున్నది. బాలుడు వర్మహరు డగువఱకు. అటుపై ప్రజారక్షణమున యథావిధిగా నతనిని నియమించి, రోగపీడితమైన శరీర మను చెడ్డనివాసమును విడువగోరి, అజుడు ప్రాయోపవేశమునకు నిశ్చయించెను. చికిత్సకు లొంగని మహారోగముగలవాని విషయమున పురాణవచనమును మల్లినాథు డుదాహరించి దోషపరిహారము చేసెను. శాస్త్రదృష్టి కది చాలును. కావ్యదృష్టి కంతకంటె ముఖ్యమైనది విడువగోరిన వానికి గవి పెట్టిన పేరు, ముముక్షువు. మోక్షగామికి రూఢమైన యా శబ్దము సర్గపూర్వభాగమున రఘువునకు దగియుండెడిది. సన్నంతమైన దానిని కవి యౌగికార్థమున, పాడుబడిన యింటినుండి వెలువడగోరు నద్దెదారునకు వలె, అజునకు వాడెను. తండ్రి ప్రకృతిని జయించి పోయెను. కుమారుడు ప్రకృతులకు దీర్పవలసినది తీర్చి పోయెను.

పరలోకమునకు బోయినవారి త్రోవలు కర్మభేదముచే వేఱువేఱు గావున వెంట జచ్చినను ఆమె దొరకదని వసిష్ఠుడు చెప్పిన మాట యొకటి మిగిలియున్నది. సర్గాంతమున మందాక్రాంతవృత్తములోని యొక్క శ్లోకమున జాహ్నవీసరయువుల నీరు కలసిన తీర్థమున దేహము విడిచి, దేవతల లెక్కలో జేరి, పూర్వరూపముకంటె నధికమైన కాంతిగల ప్రియురాలిని గలసి, అజుడు నందనమునందలి లీలాగృహములలో మరల విహరించెనని కవి చెప్పినాడు. ఋషివాక్యము సామాన్యసూత్రము, హరిణి మరల స్వర్గమునకే పోయినదను శాపకథ దానికి అపవాదము. ఆ శాపకథను జెప్పినదియు నా ఋషియే. విహరించెను అన్న మాటకు మరల అను నవ్యయమును జేర్చుటలో సర్గమధ్యమునందలి యుపమ యొకటి స్మృతికి వచ్చుచున్నది. దండ పడిన నాడు అజుడు దేవితో నగరోద్యానమున విహరించినది శచీసహితుడైన ఇంద్రుడు నందనమున విహరించినట్లని కవి చెప్పియుండెను. అప్పుడు నందనము ఉపమానము.